డ్రమ్ములో మా బావి నీళ్ళు

మునీంద్ర అబద్ధమాడాడని నాకు కోపం లేదు. అబద్ధం నేనూ ఆడతాను. విచారణ గదిలో అందరి ముందూ నన్ను ‘శ్రీ తిరుపాలు గారు’ అన్నాడు చూడండి, దానికి కోపం. వాడు నా భార్య సొన్నమ్మకు వరసకు తమ్ముడు. పదిహేనేళ్ళుగా నన్ను బావా అని పిలిచినవాడు. మా ఇంట్లో సంగటి తిని, ఇంకో ముద్ద వెయ్యక్కా అని తట్ట చాపినవాడు. అలాంటివాడు నా పేరు చివర గారు తగిలించగానే, నన్ను ముంచడానికి వచ్చాడని అర్థమైపోయింది.

మాది అత్తిబెలె దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. మా చేను దగ్గర్నుంచి తమిళనాడు రెండు కిలోమీటర్లు. హోసూరు వైపు తెలుగు బడి ఉంటే రోజూ అక్కడికి నడిచి ఆరో తరగతి దాకా చదివాను. మా నాయనకు కాలు విరగడంతో ఆ చదువు అక్కడే ఆగింది. తెలుగు రాస్తాను, కన్నడం మాట్లాడతాను. ఇంగ్లీషులో అక్షరాలు విడివిడిగా తెలుసు, అవి పక్కపక్కన చేరితే ఏమంటాయో తెలియదు.

చేను వంక పక్కన, అంటే చిన్న వాగు పక్కన ఉంటుంది. అందులో కాకడ మల్లెపూలు. మధ్యలో పాతిక అడుగుల బావి. చుట్టుపక్కల బోర్లన్నీ ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు దిగి చవుడు నీళ్ళు తోడుతుంటే మా బావి మాత్రం తియ్యగా ఉండేది. పప్పు ఉడకలేదంటే ఊళ్ళో ఆడవాళ్ళు బిందె పట్టుకుని మా చేనుకు వచ్చేవారు. సొన్నమ్మ దానికి పొంగిపోయేది. నేనూ పొంగిపోయేవాణ్ణి, పైకి కసురుకునేవాణ్ణి గాని.

చేనుకు పడమర గోడ కట్టుకుని ఆర్వికా మెటల్ ఫినిష్ అనే కంపెనీ వచ్చింది. స్నానాల గదుల్లో పెట్టే కొళాయిలకు అద్దంలాంటి మెరుగు పూసి పంపే కంపెనీ. ఆ మెరుగు కడిగిన నీళ్ళు ఆకుపచ్చా పసుపూ కాని రంగులో వస్తాయి. వాటిని తొట్లలో పట్టి, సున్నం కలిపి, విషం అడుగుకు దింపి, శుద్ధి చేసి మళ్ళీ లోపలే వాడుకోవాలి. వంకలోకి ఒక్క చుక్క పోకూడదు. అలాగని రాసిచ్చి కంపెనీ పెట్టుకున్నారు. మునీంద్ర ఆ తొట్ల దగ్గర సూపర్‌వైజరు. వాడే నన్ను ఆపరేటరుగా పెట్టించాడు. ఆపరేటరంటే పెద్ద మాట. మోటారు వేయాలి, మోటారు ఆపాలి, సున్నం సంచి విప్పాలి.

చేరిన మొదటి వారమే నాకొక వస్తువు చూపించాడు. మూరెడు స్టీలు గొట్టం, చివర గాజు కన్ను, వెనక నల్లటి వైరు. ప్రోబు అంటారని చెప్పాడు.

“ఇది జర్మనీది బావా. తొట్లలోంచి వచ్చే ఆ మురికి కాలువలో పెడితే రెండు నెలలకే కన్ను పోతాది. పోతే నా ఉద్యోగమూ పోతాది. అందుకే ఈ డ్రమ్ములో మంచినీళ్ళు పోసి అందులో పెట్టల్ల. నీళ్ళు రోజూ మార్చల్ల. అంతే.”

నాకేమీ వింతగా అనిపించలేదు. మా ఇంట్లో టీవీ రిమోటుకు వచ్చిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ విప్పలేదు. ఖరీదైన వస్తువును మురికి తగలకుండా చూసుకోవాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు.

కంపెనీ బోరు నీళ్ళు పోస్తే గాజు మీద తెల్లటి పొర కట్టేది. మునీంద్ర ఫోను చూసుకుని, అంకెలు ఎగురుతున్నాయని గొణిగేవాడు. అప్పుడు నేనే అన్నాను, ఎవరూ అడగకుండానే, “మా బావి నీళ్ళు తెస్తానప్పా, తియ్యగా ఉంటాయి” అని. చూడండి నా తెలివి. ఆ మరుసటి రోజునుంచి టీవీఎస్ బండికి రెండు వైపులా రెండు క్యాన్లు కట్టి మా బావి నీళ్ళు తీసుకుపోయి ఆ డ్రమ్ములో పోశాను. గాజు కన్ను మెరిసింది. మునీంద్ర ఫోను చూసి నవ్వాడు.

“నీ బావికి ఒక దండ వెయ్యల్ల బావా. అంకెలు దీపం మాదిరి నిలబడినాయి.”

ఆ అంకెలు ఎవరివో, ఎక్కడికి పోతున్నాయో నేను అడగలేదు.

ఒక రిజిస్టరు కూడా ఉండేది. పెద్దది, ఎర్ర అట్ట. గడులు గీసి పైన ఇంగ్లీషులో ఏవో మాటలు. మునీంద్ర తన గడులు తను నింపుకుని, చివరి గడిలో వేలు పెట్టేవాడు.

“నీళ్ళు మార్చినావు కదా?”

“ఆ, మారిస్తి.”

“ప్రోబు పెట్టినావు కదా?”

“పెడితిని.”

“ఇక్కడ సరి అని రాసి చేవ్రాలు చెయ్యి.”

నేను తెలుగులో ‘సరి’ అని రాసి, పక్కన తిరుపాలు అని రాసేవాణ్ణి. పై వాడు చెప్పాడు, కింది వాడు విన్నాడు, విన్నానని రాశాడు. నా లెక్కలో ఆ గడి అర్థం అదే. పండగ సెలవులు తీసేస్తే నాలుగు వందల పన్నెండు రోజులు రాశాను. ఈ సంఖ్య నేను లెక్కపెట్టింది కాదు, కంపెనీ వకీలు లెక్కపెట్టి చెప్పింది.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి, చెప్పుకోకపోతే నేనూ మునీంద్రా ఒకటే అవుతాం. వాన పడిన రోజుల్లో వెనక గోడ దగ్గర వాల్వు తిప్పమనేవాడు. వాననీళ్ళు నిలిచిపోయాయి, బయటికి వదిలెయ్యి అనేవాడు. నేను తిప్పేవాణ్ణి. వాననీళ్ళకు ఆ రంగెందుకు ఉంటుందని ఒక్కసారైనా అనుమానం రాలేదా అంటే, వచ్చింది. నెల జీతమొచ్చే చోట అనుమానాన్ని ఇంటికి తెచ్చుకోకూడదని ఊరుకున్నాను.

ఆ వాల్వు నీళ్ళు వంకలో కలిసేవి. వంక మా చేను పక్కనుంచి పోయేది.

పోయిన ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, అన్నం క్యారియరు విప్పుతున్నాను. మునీంద్ర ఆఫీసు గదిలోంచి ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాడు పరుగెత్తగా నేను అంతకుముందు చూడలేదు.

“బావా! డ్రమ్ములో ఏం పోసినావు?”

“రోజూ పోసేదే. మా బావివి.”

“సున్నం చేత్తో ముట్టినావా?”

“లేదప్పా. పొద్దున తోడినవే, ఇప్పుడే పోసినాను.”

వాడు మూత తీసి, దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు. నాలుక కొసకు తగిలించి ఉమ్మేశాడు. తరువాత నా మొహం చూశాడు. చూసి ఏం చేశాడో చెప్పనా? నవ్వాడు. గుండె కుదుటపడిన మనిషి నవ్వు.

“అబ్బ, బతికితి. మెషీను చెడిందేమో అనుకొంటి. చెడింది నీ బావి బావా! పరుగున పోయి అంగడిలో క్యాను నీళ్ళు తీసుకురా పో.”

తెచ్చాను. డ్రమ్ము వంచి మా నీళ్ళు పారబోసి, క్యాను నీళ్ళు పోశాను. ఇద్దరం వాడి ఫోను చూస్తూ నిలబడ్డాం. ఎర్రగా ఉన్న అంకె కొంచెం సేపటికి పచ్చగా మారింది.

“ఇది ఎవరు చూస్తారు?” అన్నాను.

“బోర్డు వాళ్ళు. కాలుష్యం చూసే బోర్డు. పావుగంటకొకసారి వాళ్ళ కంప్యూటరుకు పోతాది.”

“వాళ్ళు ఏం చూస్తాండామనుకుంటారు?”

“తొట్లలో శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్ళు.”

“అంటే ఇన్నాళ్ళూ వాళ్ళు చూసింది మా బావినా?”

మునీంద్ర చుట్టూ చూసి, “సుమ్నె ఉండు బావా, ఎవరన్నా వింటారు. ఇన్నాళ్ళూ నువ్వేమనుకుంటివి?” అన్నాడు.

ఏమనుకున్నానో చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఇంటికి వచ్చాను. సొన్నమ్మ మొగ్గలు ఏరి తడిగుడ్డ మీద పోస్తోంది. మూడు నెలలుగా చెబుతూనే ఉంది, మొగ్గల కొనలు కాలినట్టు అవుతున్నాయనీ, మార్కెట్టులో తూకం దగ్గరే వెనక్కి తోసేస్తున్నారనీ. నువ్వే మందు ఎక్కువ కొట్టావని నేను తిట్టాను. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె మొగ్గలు ఏరడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

“అయితే మన బావిలో విషం పోసినోళ్ళకు మన బావి నీళ్ళతోనే మంచోళ్ళని పేరు తెచ్చి పెట్టినావన్న మాట. ఊరంతా వెతికినా నీ మాదిరి పనోడు దొరకడు వాళ్ళకు.”



మరునాడే పని మానేశాను. బొమ్మనహళ్ళిలో చీరల అంగడి పైన సమీనా అనే వకీలమ్మ ఉంటుందని, గార్మెంట్స్ వాళ్ళ కేసులు చూస్తుందని ఎవరో చెబితే వెళ్ళాను. మదనపల్లె మనిషి. ముప్పై దాటి ఉండవు. నేను చెప్పినదంతా రాసుకుని, పెన్ను టేబులు మీద పెట్టింది.

“అన్నా, చట్టం మంచిగానే రాసినారు. కంపెనీ బోర్డును మోసం చేస్తే, ఆ కంపెనీని నడిపించే పెద్దమనుషులు కూడా నేరం చేసినట్టే లెక్క. అయితే ఒక సందు ఉండాది. మాకు తెలీకుండా జరిగింది అని రుజువు చేసుకుంటే వాళ్ళను వదిలేస్తాది.”

“అంత పెద్ద కంపెనీ. తెలీకుండా ఎట్లా జరుగుతాది?”

“ఎట్లా తెలుసో మనం చూపించల్ల. కాగితం ఏమైనా ఉండాదా?”

“రిజిస్టరు ఉండాది కదమ్మా. దినమ్మూ వాడు చెప్పింది, నేను సరి అని రాసింది. ఆ రిజిస్టరు తెప్పిస్తే చాలు.”

ఆమె మొహం వెలిగింది. నా మొహం కూడా వెలిగి ఉంటుంది. బోర్డుకు ఫిర్యాదు రాశాం: అంకెలు దొంగవి, నీళ్ళు వంకలోకి పోతున్నాయి, మా బావి చెడింది, కంపెనీని బాధ్యుల్ని చేయండి, రిజిస్టరు తెప్పించండి. బోర్డు వాళ్ళు వచ్చి చూశారు. వచ్చే ముందు వస్తున్నామని కంపెనీకి చెప్పి వచ్చారు, నిబంధన అంట. ఆ రోజు ప్రోబు కాలువలోనే వేలాడుతోంది, కాలువలో తేట నీళ్ళు పారుతున్నాయి, డ్రమ్ములో ఎవరో తులసి మొక్క నాటి పెట్టారు. ఇక మిగిలింది రిజిస్టరే. దాని మీదే నా ఆశంతా.

విచారణ పట్నంలో, బోర్డు ఆఫీసులో. అత్తిబెలెలో పొద్దున ఆరింటికి బస్సెక్కాను. మూడో అంతస్తులో పొడుగాటి గది. మధ్యలో విచారణ చేసే ఆఫీసరమ్మ, పక్కన టైపు చేసే అమ్మాయి. కంపెనీ వైపు వకీలు, ఇస్త్రీ చొక్కాలో మునీంద్ర. కంపెనీ డైరెక్టరు రాలేదు. మా వైపు సమీనా, నేను. మాటలన్నీ కన్నడంలోనే నడిచాయి.

వకీలు లేచి ఎర్ర అట్ట రిజిస్టరు నా ముందుకు జరిపాడు. చాలా మర్యాదగా.

“ఈ చివరి గడిలో అక్షరాలు మీవేనా?”

“నావే.”

“ఏమని రాశారు?”

“సరి అని.”

“అన్ని రోజులూ?”

“పనిలో ఉన్నన్ని రోజులూ.”

“నాలుగు వందల పన్నెండు సార్లు. ఆ గడి పైన ఏముందో చదువుతారా?”

“నాకు ఇంగ్లీషు రాదు.”

ఆయన చదివి, కన్నడంలో అర్థం చెప్పాడు: ‘ప్రోబు తొట్ల బయటి కాలువలోనే ఉందని స్వయంగా చూసి ధ్రువీకరించినవారు’. తరువాత ఒక కాగితం తీశాడు. నా సరికి కంపెనీ చేయించిన అనువాదం అంట. ‘కరెక్ట్’ అని ఉందంట. ఒక్క మాటకు సీలు వేసిన కాగితం.

లేచి నిలబడ్డాను.

“మేడమ్, ఆ సరి వేరు. కరెక్టుగా ఉంది అని కాదు నేను రాసింది. నువ్వు చెప్పింది విన్నాను, సరి, అని.”

“అలాగైతే సరే అని రాయవచ్చు కదా?” అన్నాడు వకీలు.

“మా వైపు సరి అనే అంటాం స్వామీ. కూలికి రమ్మన్నా సరి, పెండ్లికి రమ్మన్నా సరి, చావుకు పోదాం పా అన్నా సరి.”

ఆఫీసరమ్మ చెయ్యి ఎత్తింది. “సరి, సరి. కూర్చోండి.”

“ఇప్పుడు మీరన్నది ఏ సరి మేడమ్?” అన్నాను.

టైపు చేసే అమ్మాయి చేతులు ఆగిపోయాయి. సమీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక కూర్చున్న ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరమ్మ ఒక్క క్షణం నా వంక చూసింది. ఆమె కన్నడ మనిషి. ఆమె ఇంట్లోనూ ఇదే సరి, రెండు అర్థాలకూ. నా మాట ఆమెకు పూర్తిగా అర్థమైందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

“నేనన్నది రిజిస్టరులో రాసి సంతకం పెట్టలేదు తిరుపాలూ,” అంది, మెల్లగా.

అర్థమవడం వేరు, ఫైలు వేరు.

అప్పుడు సమీనా లేచి మునీంద్రను అడిగింది. ప్రోబు డ్రమ్ములో పెట్టమన్నది ఎవరు?

“తెలియదు మేడమ్. ప్రోబు ఎల్లప్పుడూ నీళ్ళలో ఉండాలని చెప్పాం. శ్రీ తిరుపాలు గారికి శిక్షణ ఇచ్చాం. ఆయన దాన్ని వేరేగా అర్థం చేసుకుని ఉండవచ్చు.”

“డ్రమ్ము నీకు కనపడలేదా?”

“ప్లాంటులో డ్రమ్ములు చాలా ఉంటాయి మేడమ్.”

సొన్నమ్మ చేతి సంగటి తిన్న నోరు. ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

వకీలు మళ్ళీ లేచాడు. పద్నాలుగు నెలల అంకెలు చూడండి, ఒక్కసారి తప్ప ఎప్పుడూ హద్దు దాటలేదు, ఆ ఒక్కసారీ ఏప్రిల్‌లో నలభై నిమిషాలు, అది యంత్ర లోపం అన్నాడు. యంత్ర లోపం! కోర్టుల్లో, ఆఫీసుల్లో ఏం జరిగినా నా నోరు తెరవవద్దని సమీనా ముందే చెప్పింది. నేను మా బావి నీళ్ళు పోసిన సంగతి మాత్రం తనను అడక్కుండా ఎత్తవద్దని, సమయం చూసి తను చెబుతానని మూడుసార్లు చెప్పింది. నేను ఆగలేకపోయాను.

“అది లోపం కాదు మేడమ్, అది మా బావి! ఆ నలభై నిమిషాలే నిజం. ఆ రోజే మా బావి చెడినట్టు మీ కంప్యూటరే చెప్పింది. మిగతా పద్నాలుగు నెలలూ మీరు చూసింది నేను క్యాన్లలో మోసుకొచ్చిన నీళ్ళు!”

సమీనా నా చొక్కా పట్టుకుని లాగింది. అప్పటికే అయిపోయింది. వకీలు మొహంలో మర్యాద ఇంకా పెరిగింది.

“బోర్డు యంత్రంలో తన సొంత నీళ్ళు తనే పోశానని ఆపరేటరే ఒప్పుకుంటున్నాడు. దయచేసి ఇది రాసుకోండి. కంపెనీ కూడా ఇతని చేతిలో మోసపోయింది మేడమ్. ఈ విషయంలో కంపెనీ బాధితురాలు.”

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసింది. “ఒక్కటి చెప్పండి. సొంత చేను చెడగొట్టుకుని, కంపెనీ అంకెలు బాగు చేయడం వల్ల ఈ మనిషికి వచ్చిందేమిటి?”

“అది అతన్నే అడగాలి మేడమ్.”

“నేను కంపెనీని అడుగుతున్నాను. ఈ గదిలో కంపెనీ ఎవరు?”

వకీలు వకాల్తా కాగితం చూపించాడు. కంపెనీ అంటే ఆ గదిలో ఆ కాగితమే. ఆమె కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చదివి, ఉత్తర్వు తరువాత వస్తుందని చెప్పింది.

బయట వరండాలో మునీంద్ర నా కోసం నిలబడ్డాడు.

“బావా, టీ తాగుదామా?”

“లోపల గారు, బయట బావానా రా?”

“నన్ను కొట్టు బావా. కొడితే కొట్టు. మంగళవారం కంపెనీవాళ్ళు పిలిపించి, ఒక పేరు కావల్ల అన్నారు. తిరుపాలుదా, నీదా, ఏదో ఒకటి చెప్పు అన్నారు. మూడో పేరు లేదంట.”

“డైరెక్టరు పేరో?”

“డ్రమ్ములో పెట్టమని నాకు చెప్పింది ఆయనే. ఫోన్లో చెప్పినాడు, ఫోన్లోనే ఇంకొకరికి చెప్పద్దన్నాడు. నేను ఎవరికి చూపించేది? ఆ మనిషి ఒక్క కాగితంలో ఉంటే ఒట్టు.”

“ఇదే మాట లోపలికి వచ్చి చెప్పు. ఇప్పుడే. ఆమె ఇంకా లేచి పోలేదు.”

వాడు తలుపు వైపు చూశాడు. రెండు అడుగులు వేశాడు కూడా. వకీలు లోపల్నుంచి, “మునీంద్రా, కారు వచ్చింది” అన్నాడు. వాడు కారు దగ్గరికి పోయాడు.

ఉత్తర్వు ఆరు వారాలకు వచ్చింది. సమీనా తన గదిలో చదివి తెలుగులో చెప్పింది. యంత్రాన్ని తారుమారు చేసింది ఆపరేటరు. అతని మీద చర్య తీసుకోవలసింది కంపెనీ. కంపెనీ పెద్దలకు ఇది తెలుసనడానికి ఆధారం లేదు. బావి సంగతికి వస్తే, ఆ పద్నాలుగు నెలల అంకెలే నమ్మదగినవి కావు కాబట్టి, చెడినది కంపెనీ వల్లేనని తేల్చలేము. పర్యవేక్షణ సరిగా లేనందుకు మాత్రం కంపెనీకి ఒక శిక్ష వేశారు: ఏడాది లోపల ప్లాంటును ఆనుకుని చెట్లు పెంచి పచ్చదనం చూపించాలి.

“అప్పీలు వేద్దామన్నా. ఇది నిలబడదు. ఆమె అడిగిన ప్రశ్న ఫైల్లో ఉండాది, ఈ గదిలో కంపెనీ ఎవరు అని. దానికి వాళ్ళు జవాబు చెప్పలేదు. అక్కణ్ణుంచి మొదలు పెడదాం.”

“ఎన్నేళ్ళు పడుతుందమ్మా?”

ఆ అమ్మాయికి అబద్ధం చెప్పడం రాదు. ఉత్తర్వు మడిచి ఫైల్లో పెట్టింది.

చర్య తీసుకోమన్నారు కదా, కంపెనీ వెంటనే తీసుకుంది. నా మీద పోలీసు ఫిర్యాదు పెట్టింది. వారంలో రెండుసార్లు స్టేషనుకు పిలిచారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, రేపు రా అన్నారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అప్పుడే మునీంద్ర మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

“అక్కా, కొంచెం నీళ్ళియ్యి.”

సొన్నమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. “మన బావివే. తాగుతావా?”

వాడు చెంబు తీసుకుని అలాగే పట్టుకున్నాడు. చివరికి అరుగు మీద పెట్టి, వచ్చిన పని చెప్పాడు. కంపెనీకి చెట్లు పెంచడానికి ఆనుకుని ఉన్న భూమి కావాలి. ఆనుకుని ఉన్నది మాదే. రాసిస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు, బయటి ధర కాకపోయినా ధర ఇస్తారు.

“వాళ్ళకు వేసిన శిక్షకు నా భూమి కావల్లనా రా?”

“బావా, పూలు రావు అందులో. నీకూ తెలుసు.”

“చెట్లు వస్తాయా?”

“వచ్చినట్టు ఫోటో వస్తే చాలంట.”

నేను చెప్పు తీశాను. సొన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇంతకుముందు ఎప్పుడూ లేనంత గట్టిగా ఉంది.

“ఇచ్చేయ్. నువ్వు ఆ బల్ల మీద కూర్చుని వచ్చే మొహం నేను ఇంక చూడలేను. భూమి పోతే కూలికి పోతాం. మనిషి పోతే ఎక్కడికి పోయేది?”

సమీనాకు ఫోన్ చేసి అప్పీలు వద్దని చెప్పాను.

రిజిస్ట్రారు ఆఫీసుకు కంపెనీ తరఫున ఒక గుమాస్తా వచ్చాడు, డైరెక్టరు సంతకం ముందే ఉన్న అధికార పత్రం పట్టుకుని. గుమాస్తా వేలు పెట్టి చూపిస్తే, ఆ రోజే మొదటిసారి ఆయన పేరు కాగితం మీద చూశాను. కొనేటప్పుడు ఉంది ఆ పేరు. కన్నడంలో పత్రం చదివి వినిపించమన్నాను, ప్రతి మాటా. గుమాస్తా విసుక్కుంటూ చదివాడు. తూర్పుకు వంక, పడమరకు కొనుగోలుదారు కంపెనీ గోడ, ఉత్తరానికి బండిదారి, దక్షిణానికి పెద్దన్న చేను. ఈ మధ్య ఉన్న భూమి ఒక ఎకరా పదకొండు గుంటెలు అన్నాడు. మా వైపు ఎకరాకు నలభై గుంటెలు.

మాకు ఇంకా రెండు గుంటెలు ఉండాలి కదా అన్నాను. ఆ రెండు గుంటెలూ బావి, దాని చుట్టూ ఉన్న గట్టు. పాత రికార్డులో ఖరాబు నేల అని ఉంది, సాగుకు పనికిరానిది, దానికి ధర కట్టరు, భూమితో పాటే పోతుంది అన్నాడు.

పత్రంలో రాసింది ఒక ఎకరా పదకొండు గుంటెలు. నేను పోగొట్టుకున్నది ఒక ఎకరా పదమూడు గుంటెలు.